లవ్జీభాయ్ ఎక్కించిన గోడౌను

రాజ్‌కోట్‌లో మాది పంపుసెట్ల విడిభాగాల దుకాణం. వెనక గోడౌనులో తొమ్మిది వేల రకాల సరుకుంది. ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి మాత్రం ఒక్కడే, నాన్న కాలం నాటి లవ్జీభాయ్. ఆయన సెలవు పెడితే దుకాణం సగం మూసినట్టే. సరుకంతా ఒక్క తలకాయలో ఉండటం వ్యాపారికి మంచిది కాదు. అందుకే సాఫ్ట్‌వేరు కొన్నాను. ఆ తలలో ఉన్నదంతా ఇందులోకి ఎక్కాక, దీపావళికి ఆయన్ని శాలువా కప్పి సాగనంపుదామని నా లెక్క. ఈ సంగతి నా భార్యకొక్కదానికే చెప్పాను. అదీ దుకాణం ఫోనులో.

నేర్పడానికి కంపెనీవాళ్ళు అహ్మదాబాదు నుంచి ధర్మిల్ అనే ఆయన్ని పంపారు. మొదటి పాఠం మధ్యాహ్నం రెండింటికి పెట్టాడు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మా ఊరంతా నిద్రపోతుందని అతనికెవరూ చెప్పలేదు. నాలుగింటికి షట్టరు ఎత్తితే మెట్ల మీద అతనే గురక పెడుతున్నాడు.

"సిబ్బందికి హుషారు పుట్టాలి సార్. ఏదైనా బహుమతి పెట్టండి," అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

వారంలో ఎక్కువ సరుకు కంప్యూటరులోకి ఎక్కించినవాళ్ళకి శనివారం కిలో పేండా మిఠాయి, గోడ మీద ఫొటో అని ప్రకటించాను.

బిల్లులు రాసే హంసాబెన్ మూతి విరిచింది. "నాకు షుగరు శేఠ్. ఇక నా ఫొటో అంటారా, మా ఇంట్లోనే ఎవరూ చూడరు."

లవ్జీభాయ్ మాత్రం కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్క వేలితోనే కొట్టాడు. వరసగా ప్రతి శనివారమూ పేండా ఆయనకే. నాన్న ఫొటో పక్కనే ఆయన ఫొటో. నాన్నకి దండ ఉంది, అదొక్కటే తేడా. తొమ్మిది వేలూ ఎక్కాయని ధర్మిల్ చప్పట్లు కొట్టాడు. నేను శాలువా కొన్నాను, బేరమాడి.

మేనకోడలి సీమంతానికి లవ్జీభాయ్ గోండల్ వెళ్ళిన రోజే మోర్బీ నుంచి ఒక ఫ్యాక్టరీ ఆయన వచ్చాడు. పంపు ఆగిపోయింది, బేరింగు కావాలి.

"ఒక్క నిమిషం. ఇప్పుడంతా కంప్యూటరే," అన్నాను గొప్పగా.

"పదకొండున్నాయి శేఠ్," అంది హంసాబెన్.

"ఎక్కడ?"

ఆమె తెర మీదకి వంగి చదివింది. "మగన్ నిచ్చెన మీంచి పడ్డ చోటికి ఎదురుగా, పై అరలో."

మగన్ పని మానేసి ఇరవై ఏళ్ళయింది. పడింది ఇంకా ముందు.

"ఇంకే సరుకైనా చూడు."

"పెద్ద శేఠ్ కునుకు తీసే బల్ల కింద." ఆ బల్ల నాన్న పోయిన ఏడాదే అమ్మేశాం. "ఇది చూడండి, పిల్లి రెండోసారి ఈనిన మూల. మొదటిసారి ఎక్కడ ఈనిందో నాకు తెలుసు శేఠ్. రెండోసారి నేను సెలవులో ఉన్నా."

గోండల్‌కి ఫోను చేశాను. "లవ్జీభాయ్, ఏమిటండీ ఈ రాతలు?"

"చోటు అన్న గడిలో మీకు గుర్తున్నట్టే రాయండి అన్నాడు ధర్మిల్‌భాయ్. నాకట్లాగే గుర్తు."

"ర్యాకులకి అంకెలు వేసి మళ్ళీ రాయాలి."

"దానికేం, రాస్తా. రాయడం అయిపోయాక నేనేం చెయ్యాలి శేఠ్?"

నేను హంసాబెన్ వైపు చూశాను. ఆమె తుడిచిన కౌంటరు అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది.

"శాలువా ఏ రంగు తీసుకున్నారు?" అని ఫోనులో లవ్జీభాయ్ మెల్లగా అడిగాడు.

ఎదురుగా మోర్బీ ఆయన గడియారం చూసుకుంటున్నాడు. లెక్క తేల్చుకోవడానికి నాకున్న సమయం అంతే.

"మీకు ఓపికున్నంత కాలం ఉండండి. ముందా బేరింగు ఎక్కడో చెప్పండి."

"ఆ మాట సాఫ్ట్‌వేరులో ఎక్కించమనండి హంసాబెన్‌ని. తర్వాత చెప్తా."

ఎక్కించింది. బేరింగు నిమిషంలో దొరికింది.

ఇప్పుడు ఆయన ర్యాకులకి అంకెలు వేస్తున్నాడు, నెలకొక అర చొప్పున. ఈ లెక్కన పదహారేళ్ళు పడుతుంది. శనివారం పేండా మాత్రం ఆపలేదు. పోటీకి ఇంకెవరూ లేరు.