జరీ అంచు లేని సంచి

నేను ఒక గుడ్డ సంచిని. బజారుకు వెళ్లి వంకాయలు మోసుకొచ్చే రకాన్ని కాను. నా పొట్టలో దుంపలు పెట్టి మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉడికిస్తారు. గుడ్డను తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టడమేమిటని మీరు నొసలు చిట్లిస్తున్నారని తెలుసు. నా సంగతి మొదటిసారి విన్నవాళ్లంతా అలాగే చిట్లించారు. నాకు అలవాటే.

నేను పుట్టింది తెనాలిలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. నా పుట్టుకకు కారణం ఒక చీర కొంగు. ఆ ఇంటి పెద్దావిడ రాజరత్నమ్మ గారు పాలు కాస్తుండగా ఆమె సిల్కుపాలిస్టరు చీర కొంగు స్టౌ మంటకు అంటుకుంది. కోడలు హైమ పక్కనే ఉండబట్టి తడి దుప్పటి కప్పి ఆర్పేసింది. మోచేతి మీద చిన్న గాయంతో గండం గడిచింది. గాయం మానింది గానీ కొడుకు ముకుందరావు భయం మానలేదు. అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు వంటింటి గడప దాటకూడదని తీర్పు చెప్పాడు. ఆఫీసుకు వెళ్లే ముందు గ్యాసు రెగ్యులేటరు స్వయంగా కట్టేసేవాడు. హైమ కాలేజీ లైబ్రరీకి వెళ్లిపోయేది. ఇక పెద్దావిడకు తోడు మిగిలేది టీవీ, హాట్‌కేసులో చల్లారిపోతున్న అన్నమూను.

మనుషుల జాగ్రత్తలు నాకు ఇప్పటికీ అంతుపట్టవు. అదే రాజరత్నమ్మ గారు రెండు పూటలా అగ్గిపుల్ల గీసి దేవుడికి దీపం పెడితే ఆ ఇంట్లో ఎవరికీ భయం లేదు. దేవుడి గదిలో నిప్పు కాలదని కాబోలు వాళ్ల నమ్మకం.

అంతలో కార్తీకం దగ్గర పడింది. కార్తీక సోమవారాలు అన్నం మానేసి ఉడికించిన చిలగడదుంప మాత్రమే తీసుకోవడం ఆవిడకు పెళ్లయిన నాటి నుంచీ నియమం. ఆ దుంప తానే కడిగి, తానే ఉడికించుకోవాలి. ఆవిడ కోరిందల్లా అదే.

"ఇంకొకరు వండి మూతపెట్టి పోయింది తినడానికి ఉపవాసం ఎందుకమ్మాయ్? అది ఆసుపత్రి భోజనం" అన్నారు కోడలితో.

హైమ ఆ మాటను పట్టించుకుంది. ఇంట్లో మైక్రోవేవ్ ఉంది, కూరలు వెచ్చబెట్టుకోవడానికి తప్ప ఎవరూ వాడరు. మంట లేదు, కొంగు అంటుకునే ప్రమాదం లేదు. నూలు సంచిలో దుంప పెట్టి ఉడికిస్తే ఆవిరి లోపలే నిలిచి మెత్తగా వస్తుందని లైబ్రరీలో ఏదో పత్రికలో చదివింది. అత్తగారు పెట్టె అడుగు నుంచి పాత వెంకటగిరి నూలు చీర తీసి ఇచ్చారు. అలా తయారైంది మా అక్క.

అక్క నాకన్నా అందగత్తె. అదే దాని ప్రాణం మీదకు తెచ్చింది. హైమ కత్తెరతో జరీ అంచు విడదీయబోతే రాజరత్నమ్మ గారు చెయ్యి పట్టుకున్నారట. అంచు లేని గుడ్డ ఎవరికైనా పెడతామా, బొట్టు పెట్టి ఇచ్చే రవికల గుడ్డకైనా అంచు చూస్తాం కదా, శుభమా అని కొత్త వస్తువు కుడుతూ బోసి గుడ్డ వాడతావేమని ఆవిడ వాదన. హైమకు మనసులో శంక ఉంది. ఐనా ఆవిడ ముచ్చటపడి అడిగింది చాలా రోజులకు. వేలెడు అంచు సంచి మూతికి మెరుస్తూ ఉండిపోయింది.

ఆదివారం ముకుందరావు ఎదుటే అక్కను ఓవెన్ లోపల పెట్టారు. మీట తిప్పీ తిప్పగానే అంచు పొడుగునా నీలి మెరుపులు చిటపటలాడాయి. మూతి నల్లబడి పొగ లేచింది. హైమ తలుపు తీయలేదు. ముందు ఓవెన్ ఆపి, ప్లగ్గు లాగేసి, పొగ అణిగేదాకా అలాగే మూసి ఉంచింది. తీసి చూస్తే అక్క మూతి లేదు.

ముకుందరావు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఇంట్లో ఉన్న ఒక్క నిప్పూ చాలక రెండోది తెచ్చి పెట్టారు. ఈ పెట్టె రేపే ఎవరికైనా ఇచ్చేస్తాను. అమ్మా, నువ్వు ఇంక ఈ వంటింటి సంగతి మర్చిపో."

"అంచు ఉంచమన్నది నేనురా" అన్నారు రాజరత్నమ్మ గారు.

"జరీ అంటే లోహపు తీగ అని తెలిసీ కుట్టింది నేను" అంది హైమ. "తప్పు పెట్టెది కాదండీ, అంచుది. వచ్చే ఆదివారం దాకా ఆగండి. ఒక్క మెరుపు కనిపించినా మీ ఇష్టం."

అలా వారం రోజుల గడువు మీద నేను పుట్టాను. అదే చీర నడిమి గుడ్డ నా ఒళ్లు. గంజి పోయేలా ఉతికి ఆరేశారు. లోపలి పొరకు దూది కావాలి. పరుపుల కొట్లో దూదిలో ఏం కలుపుతారో నమ్మకం లేదని పెద్దావిడ తన ఒత్తుల పత్తి తెచ్చారు. గింజలు తానే తీసి ఏరిన పత్తి. దాన్ని పలచగా పరిచి, కదలకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేసింది హైమ. దారం దగ్గర మళ్లీ ఆగారు. కాటన్ అని చెప్పి అమ్మిన రెండు రీళ్ల నుంచి చెరో పోగు తీసి ఇత్తడి పళ్లెంలో కాల్చి చూశారు. ఒకటి కాగితంలా కాలి బూడిదైంది. రెండోది ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది, అంటే అందులో పాలిస్టరు ఉంది. ఆ రీలు చెత్తబుట్టలోకి పోయింది. బొత్తాము లేదు, హుక్కు లేదు, జిప్పు లేదు. మూతికి మడత మాత్రమే.

చూడటానికి బోసిగానే ఉన్నాను. రాజరత్నమ్మ గారు నన్ను అటూ ఇటూ తిప్పి, "పోన్లే, పనిమంతురాలికి నగలెందుకు" అన్నారు. నాకు దొరికిన మొదటి మెప్పు అది.

ఆదివారం వచ్చింది. ముకుందరావు నిండా నీళ్లున్న బకెట్టు తెచ్చి ఓవెన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"కరెంటు వస్తువు మీద నీళ్లు కుమ్మరిస్తారా?" అంది హైమ. "తీయండి. ఏమైనా ఐతే తలుపు తీయకుండా ప్లగ్గు లాగడమే మందు."

బకెట్టు స్నానాల గదికి తిరిగి వెళ్లింది. ఆ తర్వాత హైమ కూడా చేతులు కట్టుకుని పక్కకు జరిగింది. పని మొత్తం పెద్దావిడదే. దుంపలు కడిగి, ఫోర్కుతో అక్కడక్కడ పొడిచి, తడి తుడవకుండానే నాలో సర్ది మూతి మడిచారు. లోపల పెట్టి తలుపు వేశారు. ముకుందరావు ఉండబట్టలేక ముందుకు వంగి టైము మీట గిర్రున చివరిదాకా తిప్పేశాడు.

"తొందరగా తేలిపోతుంది కదా" అన్నాడు.

రాజరత్నమ్మ గారు కొడుకు చేతిని పక్కకు జరిపి మీటను బాగా వెనక్కి తిప్పారు.

"అంతసేపు పెడితే దుంపలో నీరంతా పోయి గుడ్డ మాడుతుందిరా. కొంచెం పెట్టి చూడాలి, చాలకపోతే మళ్లీ పెట్టాలి. నువ్వలా కూర్చో. ఇక్కణ్ణుంచి కదలకుండా చూస్తూ ఉండేది నేను."

ముకుందరావు కూర్చున్నాడు. వంటింట్లో ప్రమాదం ఎవరి చేతిలో ఉందో ఆ క్షణాన అతనికి అర్థమైందనుకుంటాను.

పళ్లెం తిరిగింది, నేనూ తిరిగాను. ఆవిరి నా దూదిలోకి పాకి, ఒళ్లంతా వెచ్చని వాసనతో నిండిపోయింది. మెరుపు లేదు, పొగ లేదు. ఆవిడ ఒకసారి ఆపి దుంపను నొక్కి చూశారు, తిరగేసి మళ్లీ పెట్టారు. ఈసారి తీసి, ఆవిరి ముఖానికి కొట్టకుండా నా మూతిని అవతలి వైపుకు తిప్పి విప్పారు. తొక్క దానంతటదే ఊడివచ్చింది. మొదటి ముక్క కొడుకు చేతిలో పెట్టారు. అతను ఊదుకుంటూ తిని, ఇంకోటి అడిగాడు.

"అయితే సోమవారానికి దుంపలు తెచ్చి ఉంచనా అమ్మా?" అన్నాడు.

"లావువి తేకు. సన్నవి, అన్నీ ఒక్కలాంటివి తే. సమంగా ఉడుకుతాయి" అన్నారు ఆవిడ. అడిగి పుచ్చుకున్న మాటలా లేదు. ఇంటి యజమానురాలు పురమాయించినట్టుంది.

ఆ కార్తీకం సోమవారాలన్నీ ఆ ఇంట్లో మధ్యాహ్నం నేనూ ఆవిడే. ఒట్టి సంచిని ఎన్నడూ పెట్టలేదు, పెట్టి ఫోను మాట్లాడుతూ వెళ్లిపోనూ లేదు. వాడాక ఉతికి, పూర్తిగా ఆరాకే మడత పెట్టేవారు. తర్వాత బంగాళాదుంపలు, మొక్కజొన్న కండెలు కూడా నా పొట్టలోంచి వెళ్లాయి. పై అంతస్తు వాళ్లు వచ్చి ఎలా కుట్టారని అడిగితే, మొట్టమొదట మీ ఇంట్లో జరీ ముక్కలన్నీ వేరే పెట్టెలో పెట్టి రండి అనేవారు ఆవిడ.

నాకూ వయసొచ్చింది. ఒక ఆదివారం ముకుందరావు ఆకలి మీద నన్ను తీసుకుని దుంపలు వేయబోయాడు. తల్లి నన్ను అతని చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు. అడుగున గోధుమరంగు మచ్చ, ఒకచోట కుట్టు సడలి దూది పలచబడింది.

"ఇది ఇంక లోపలికి వెళ్లదు."

"ఈ ఒక్కసారికే కదమ్మా, ఏమవుతుంది?"

"నేను వద్దన్నానంటే వద్దు. ఇవాళ్టికి గ్యాసు మీద ఉడకబెడతాను, రెగ్యులేటరు తిప్పు."

అతను మారుమాట లేకుండా వంగి తిప్పాడు. ఆవిడ నూలు చీర కొంగు బొడ్లో బిగించి దోపుకుని స్టౌ వెలిగించారు. దుంపలు ఉడికాక వేడి గిన్నెను దించడానికి నన్నే మడిచి పట్టుకున్నారు. ఆ రోజు నుంచి నేను స్టౌ పక్కన మసిగుడ్డను. చేతికి అందేంత దూరంలో, ఆవిడ వంటింట్లో.