జవాబు అడగని లెక్క

ఇలా దగ్గరికి జరగండర్రా. ఇంకొంచెం. ఇది గొంతెత్తి చెప్పుకొనే కథ కాదు. మొదట్లో నవ్వుకొనే చోట్లున్నాయి, అక్కడ నవ్వేయండి. తర్వాత ఉండవు.

ఒక రాతి క్వారీ ఉండేది. కొండను తొలుచుకుంటూ తొలుచుకుంటూ పోతే మిగిలిన పెద్ద గుంట. అడుగున నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేసేది. చుట్టూ ఆరు రాతిగోడలు. ఆ గోడలకు అరచేతంత ఇనుప పెట్టెలు బిగించి ఉండేవి. పనివాళ్లు వాటిని చెవులు అనేవారు. కొండ లోపల వెంట్రుకవాసి కదిలినా చెవికి తెలిసిపోతుంది. చెవి ఆ మాట పైన ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌కు చేరవేస్తుంది. అది మామూలు కదలికా, విరిగిపడే కదలికా అన్నది కంప్యూటర్ లెక్క కట్టి తేలుస్తుంది. విరిగిపడేదైతే సైరన్ మోగుతుంది. సైరన్ వినపడిందా, అడుగున ఉన్నవాళ్లు చేతిలో ఏముంటే అది పారేసి కాంక్రీటు షెడ్డులోకి పోవాలి.

ఆ లెక్క కట్టే ప్రోగ్రాం రాసినామె ఆ ఆఫీసులోనే పనిచేసేది. ఆమెను పిన్ని అనే చెబుతాను, ఎందుకంటే ఈ కథ ఆమె అక్క కూతురిది. అక్క పోయినప్పుడు ఆ పిల్లకు ఏడేళ్లు. పిన్నీ బాబాయీ తెచ్చుకుని పెంచారు. బాబాయి క్వారీ అడుగున తవ్వే బండి నడిపేవాడు. పిల్ల దిగులుపడకుండా ఉండాలని ఒక చేతి గడియారం కొనిచ్చాడు. దానికి పక్కన చిన్న మీట ఉండేది. నొక్కితే సెకన్లు పరుగెత్తుతాయి, మళ్లీ నొక్కితే ఆగుతాయి. ఇంక చూడండి, ఆ పిల్లకు అదే లోకం. కుళాయి కింద బిందె ఎంతసేపట్లో నిండింది, పిన్ని జడ ఎంతసేపట్లో అల్లింది, అన్నీ కొలిచేది. బాబాయి ఆమె పేరే మరిచిపోయి గడియారం అని పిలిచేవాడు.

"ఏమే గడియారం, ఈ టీ ఎంతసేపట్లో తాగానో చెప్పు."

"రెండు నిమిషాల పది సెకన్లు బాబాయ్. అందులో ఒక నిమిషం మాట్లాడావు."

"విన్నావటే? నేను మాట్లాడింది ఒక్క నిమిషమేనట. నువ్వేమో రోజంతా వాగుతానంటావు."

"దాని గడియారం కూడా నీ మాట వినలేక ఆగిపోయుంటుంది," అనేది పిన్ని.

ఒకసారి సెలవునాడు బాబాయి ఆమెను క్వారీకి తీసుకెళ్లాడు. బండి మీంచి దిగి షెడ్డు దాకా ఎంతసేపట్లో వస్తాడో కొలవాలని పట్టుబట్టింది. ఆయనకు ఒక మోకాలు సరిగ్గా వంగదు. కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి గోడకు చెయ్యి ఆనించాడు.

"తొంభై నాలుగు!"

"మోకాలు బాగుంటే డెబ్భైలో వచ్చేవాణ్ణి."

"అయితే రేపట్నించి మోకాలు ఇంట్లో పెట్టేసి రా."

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ పిల్ల షెడ్డు గోడమీద సుద్దముక్కతో 94 అని పెద్దగా రాసింది. అది చెరిగినప్పుడల్లా ఆయనే మళ్లీ దిద్దేవాడు.

గడియారం పెద్దదయింది, చదువుకుంది, పిన్ని పనిచేసే ఆఫీసులోనే చేరింది. గొడవ అక్కడ మొదలయింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టి వినండి. మనుషులు రాసే ప్రోగ్రాం ఒక భాషలో ఉంటుంది, కంప్యూటర్‌కు తెలిసిన భాష వేరు. దానికి అర్థమయ్యేలా చెప్పే పద్ధతులు రెండు. ఒకటి, పక్కన దుబాసీని కూచోబెట్టడం. అతను ఒక వాక్యం చదువుతాడు, అర్థం చెబుతాడు, కంప్యూటర్ ఆ పని చేస్తుంది. తర్వాత ఇంకో వాక్యం. అదే వాక్యం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ కొత్తగా చదివి చెబుతాడు. ముందు పేజీలో ఏముందో చూడడు. చెప్పిన పని చేయించడమే తప్ప ఎందుకని అడగడు. దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. రెండోది, పుస్తకం మొత్తం ముందే కంప్యూటర్ భాషలోకి తిరగరాయించి దాని చేతిలో పెట్టడం. అలా తిరగరాసేదాన్ని కంపైలర్ అంటారు. ఇక మధ్యలో దుబాసీ ఉండడు కాబట్టి పని గబగబా అయిపోతుంది.

పిన్ని ప్రోగ్రాం మొదటి రకం. గోడకు ఒక కంప్యూటర్, గోడకు నలభై చెవులు. ఒక చుట్టు లెక్క కట్టడానికి పంతొమ్మిది సెకన్లు పట్టేది. చుట్టు అయినప్పుడల్లా తెరమీద ఒక వరుస పడేది, మూడో గోడ క్షేమం, నాలుగో గోడ క్షేమం అని. పిన్ని ఏ పని చేసుకుంటున్నా ఓరకంట ఆ వరుసలు చూస్తూనే ఉండేది. అది ఆమెకు పొయ్యిమీద పాలు చూసుకోవడంలాంటిది.

మేనేజరుకు చెవులు పెంచాలనిపించింది. గోడకు రెండు వందలు. "ఈ ముసలి ప్రోగ్రాం అంత మోస్తుందా?" అన్నాడు పిన్ని ముందే.

"నేను రెండో పద్ధతిలో రాస్తాను సర్," అంది గడియారం. రాసింది కూడా. రాత బాగానే ఉంది, లెక్కలో తప్పు లేదు. ఇది మాత్రం మీరు గుర్తు పెట్టుకోవాలి, లెక్కలో తప్పు లేదు.

ఇక రెండింటికీ పందెం పెట్టారు. మేనేజరు కుర్చీ వేసుకు కూచున్నాడు. గడియారం రెండు ప్రోగ్రాములనూ తెరిచి, రెండింటిలోనూ చివరి వరుస తీసేసింది. జవాబును తెరమీద రాసే వరుస.

"అదెందుకే తీశావు?" అంది పిన్ని.

"తెరమీద రాయడానికి కూడా సమయం పడుతుంది కదా పిన్నీ. మనం చూసేది లెక్క వేగం. రెండిట్లోనూ తీశాను, నీకేం అన్యాయం చెయ్యలేదులే."

పిన్నిది నడిచింది. పంతొమ్మిది సెకన్లు. గడియారానిది నడిచింది. మీట నొక్కిన వేలు పైకి లేవకముందే అయిపోయింది. సున్నా. మళ్లీ నొక్కింది, సున్నా. నలభై చెవుల బదులు వెయ్యి చెవులు ఇచ్చింది, సున్నా. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల మొహం చూడాలి మీరు, వెలిగిపోయింది.

"బాగానే ఉంది గానీ, జవాబేదే?" అంది పిన్ని.

"జవాబు కాదు పిన్నీ, ఇప్పుడు కావలసింది సమయం."

"వెయ్యి చెవుల లెక్క కట్టానంటోంది కదా, ఒక్కసారి చూపించమను."

"ఓడిపోయినప్పుడు ఒప్పుకోవడం కూడా నేర్చుకోవాలమ్మా," అన్నాడు మేనేజరు. గడియారం నవ్వింది. పిన్ని మీద నవ్విన నవ్వు కాదది, గెలిచిన సంబరం. కానీ పిన్ని ఇంక నోరెత్తలేదు.

సున్నా అని కాగితం మీద పడ్డాక మేనేజరును ఎవరాపుతారు? ఆరు కంప్యూటర్లెందుకు, ఒక్కటి చాలన్నాడు. ఆరు గోడలూ, పన్నెండు వందల చెవులూ ఆ ఒక్కదానికే తగిలించారు. చెవి చెప్పినదాన్ని పాత ప్రోగ్రాం ఒక్క రోజు వెనక్కి చూసి పోల్చేది, కొత్తది పక్షం రోజులు వెనక్కి చూడాలన్నాడు. ఎంత మోపినా సున్నాయే కదా! తెరమీద వరుసలు కూడా వద్దన్నాడు. ప్రమాదముంటేనే మాట్లాడాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. సైరన్ పరీక్ష అంటే నెలకోసారి మీట నొక్కి మోగించి చూడటమే. అది ప్రతిసారీ చక్కగా మోగింది. పిన్నిని సామాన్ల గదికి మార్చారు, హెల్మెట్లూ చేతితొడుగులూ లెక్క చూసుకోమని.

బాబాయి ఇద్దరి మధ్యా నలిగాడు. "మీ పిన్ని ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీ," అన్నాడు గడియారంతో. "నాకు మాత్రం ధైర్యంగా ఉందే. నన్ను ఇన్నాళ్లూ నా పెళ్లాం కాపాడింది, ఇకమీదట నా కూతురు కాపాడుతుంది." ఆయన ఎప్పుడూ కూతురు అనే అనేవాడు.

మూడు రోజులు వదలకుండా వాన పడి వెలిసింది. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు, ఎండ కాస్తుండగా, మూడో గోడ జారింది. బాబాయి బండి మీదే ఉన్నాడు. దుమ్ము లేచి పైనున్న ఆఫీసు కిటికీల దాకా వచ్చింది. అందరూ బయటికి పరుగెత్తారు. గడియారం అంచు దగ్గర నిలబడి ఆ దుమ్ములోకి చూస్తూ ఉంది.

అప్పుడు మోగింది సైరన్.

రాళ్లు పడ్డాక. ఎంతో శ్రద్ధగా, ఆగకుండా మోగింది. ఎవరో వెళ్లి ఆపేదాకా మోగుతూనే ఉంది.

బాబాయిని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. ఆ సంగతి వద్దు.

మేనేజరు అందరికీ ఒకటే మాట చెప్పాడు. వాన వల్ల కొండ ఒక్కసారిగా జారింది, సైరన్ మోగింది, మనిషి తప్పుకోలేకపోయాడు, ఆయన మోకాలు బాగుండదని అందరికీ తెలిసిందే కదా, అని. విచారణకు వచ్చే అధికారికి కూడా అదే రాసిపెట్టాడు. ఎవరూ కాదనలేదు.

గడియారానికి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. చెవులు పంపిన రికార్డు తీసి చూసింది. గోడ పడటానికి రెండు నిమిషాల యాభై సెకన్ల ముందే మూడో గోడ చెవులు కదలిక చెప్పాయి. ఒకటి కాదు, పదకొండు చెవులు. మరి సున్నా సెకన్లలో లెక్క కట్టే ప్రోగ్రాం ఇంతసేపూ ఏం చేస్తున్నట్టు?

పందెం నాటి ప్రోగ్రాం తెరిచి మళ్లీ నడిపింది. సున్నా. పిన్ని మాట గుర్తొచ్చింది. జవాబేదే? తీసేసిన ఆ చివరి వరుసను మళ్లీ రాసింది, జవాబు తెరమీద చూపించమని. నడిపింది.

సున్నా కాదు. ఒక్క గోడ, నలభై చెవులు, ఒక్క రోజు వెనక్కి, అర సెకను.  ఆరు గోడలూ, పన్నెండు వందల చెవులూ, పక్షం రోజులూ ఇచ్చి మణికట్టు మీది గడియారం మీట నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది. మూడు నిమిషాల నలభై అయిదు సెకన్లు.

ఏం జరిగిందో అప్పుడు అర్థమయింది. కంపైలర్ పుస్తకం మొత్తం ముందే చదువుతుందన్నాను కదా. ఈ లెక్క జవాబు చివరిదాకా ఎవరూ అడగడం లేదని అది చూసింది. ఎవరూ అడగని జవాబుకు లెక్క కట్టడం దండగ అనుకుని లెక్కనే కొట్టేసింది. పందెం నాడు అది గబగబా చేయడం కాదర్రా, అసలు చెయ్యనే లేదు. క్వారీలో పెట్టాక మాత్రం సైరన్ మోగించాలా వద్దా అని జవాబు అడుగుతారు కాబట్టి అంత బరువుతో నిజంగానే లెక్క కట్టాల్సొచ్చింది. దుబాసీ అయితే ముందుకు చూడడు, ఎవరికి కావాలని అడగడు, చెప్పిందల్లా చేస్తాడు. అందుకే పిన్నిది పంతొమ్మిది సెకన్లూ నిజంగా కష్టపడి ఓడిపోయింది. నిజానికి కొత్తది నలభై రెట్లు వేగమైనదే. అంతవరకే నమ్మి, అంత బరువే మోపి ఉంటే చక్కగా మోసేది.

ఈ సంగతి ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ చివరి వరుస మళ్లీ చెరిపేస్తే ఎప్పటికీ తెలియదు.  చెవుల రికార్డుతో సహా తన చిన్న కంప్యూటర్ సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది.

పిన్ని వంటగది గడపలో కూచుని ఉంది. గడియారం ఎదురుగా నేలమీద కూచుని మొదటినుంచీ చెప్పింది. దాచలేదు, ఏడవలేదు.  అంతా అయ్యాక పిన్ని అడిగింది.

"నాదైతే ఎంతసేపట్లో చెప్పేది?"

"పాత నలభై చెవులతోనే ఉండి ఉంటే... ఎంత ఆలస్యమైనా నలభై సెకన్లు పిన్నీ."

"కదిలాక రెండు నిమిషాల యాభై సెకన్లకు పడిందన్నావు."

"ఊఁ."

పిన్ని లేచింది. "నీది నడిపించు. ఆ పొద్దున చెవులు పంపినవే ఇచ్చి."

"వద్దు పిన్నీ."

"నడిపించవే."

గడియారం మీట నొక్కింది. పిన్ని చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. ఒక కాలు కాస్త ఈడుస్తూ, ఆయన నడిచినట్టే. వీధి గేటు దాటింది, మలుపు దాకా వెళ్లింది, అక్కడి గోడకు చెయ్యి ఆనించింది. గడియారం కిటికీలోంచి చూస్తూ చేతి గడియారం చూసుకుంది. తొంభై రెండు. తొంభై మూడు. తొంభై నాలుగు. ఆయన షెడ్డులో ఉన్నాడు.

తెర ఇంకా నల్లగానే ఉంది.

పిన్ని తిరిగి నడిచొచ్చింది. చెప్పులు విడిచింది. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగింది. వచ్చి గడపలో కూచుంది. కూచున్నాక కూడా కాసేపు ఏమీ లేదు. అప్పుడు తెరమీద ఒక్క వరుస పడింది. మూడో గోడ, ప్రమాదం.



"ఇదంతా రాసి ఆ అధికారికి ఇయ్యి," అంది పిన్ని. "నీ పేరు పెట్టి రాయి. ఆ చివరి వరుస తీసింది నువ్వేనని రాయి. జవాబేదని నేనడిగానని రాయి. రెండోసారి గట్టిగా అడగలేదని కూడా రాయి."

"నువ్వు అడిగావు పిన్నీ, నేనే..."

"గట్టిగా అడగలేదే. అలిగాను."

రాసింది. ఇచ్చింది. మేనేజరు ఉద్యోగం పోయింది, ఆమెదీ పోయింది. ఆ క్వారీలో మళ్లీ గోడకో కంప్యూటర్ పెట్టారు, తెరమీద వరుసలూ వచ్చాయి. పిన్నీ ఆమే ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కంచంలో తిన్నట్టు బతికారు, కానీ మాటలు తగ్గిపోయాయి. గడియారం అని ఆమెను ఇంకెవరూ పిలవలేదు. ఆ చేతి గడియారం అలమరలో పెట్టేసింది. షెడ్డు గోడమీద 94 మాత్రం కొన్నాళ్లు ఉంది. దిద్దేవాళ్లు లేక వానలకు పోయింది.

అంతేనర్రా. మీకు దీన్నెందుకు అప్పగిస్తున్నానంటే, రేపు మీరు పెద్దవాళ్లయి ఇలాంటి గదుల్లోనే కూచుంటారు. ఈ కథ మరవకండి, మీ తర్వాతి వాళ్లను కూచోబెట్టి చెప్పండి. కంపైలర్, దుబాసీ అన్న మాటలు మరిచిపోతే పోనీండి. పిన్ని అలా నడిచి వెళ్లి, గోడ ముట్టుకుని, తిరిగొచ్చి, నీళ్లు తాగి కూచున్నా తెర నల్లగానే ఉందన్న మాట మాత్రం వదలకుండా చెప్పండి. చెప్పేటప్పుడు అక్కడ కాసేపు ఆగండి.