బిళ్ళకు సెలవు

ఏమీ కాలేదన్నారు. ఏమీ కాకపోతే మా బావని ఎందుకు కడిగారు?

మీలో చదువుకునేవాళ్ళున్నారు, చెమటోడ్చేవాళ్ళున్నారు. అందరూ ముందు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు ఆలోచించండి. పట్టపగలు, పరిశోధన కేంద్రం వెనకున్న సిమెంటు పెరట్లో, చెట్టంత మనిషిని ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబెట్టి, మంటలార్పే గొట్టంతో కడిగారు. గొట్టం పట్టుకున్నవాళ్ళు తల నుంచి కాలిదాకా రబ్బరు తొడుగుల్లో ఉన్నారు. అధికార్లు మేడ మీద అద్దాల వెనక ఉన్నారు. బట్టలుతికే గదిలో పనిచేసే ఆడవాళ్ళం మేము కిటికీ దగ్గర గుమిగూడాం. అంతమంది ముందు ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వణుకుతున్నాడు. నన్ను చూసి, ఆ స్థితిలో కూడా నోరు ఊరుకోలేదు.

"ఏం మరదలా! సరిగ్గా స్నానం చెయ్యనని మీ అక్క రోజూ పోరుతుందిగా. ఇవాళ వడ్డీతో సహా చేయించారని చెప్పు!"

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన బట్టల్ని పొడుగాటి కర్రతో ఎత్తి ఇనప డబ్బాలో వేసి మూత బిగించారు. ఎవరిదో పాత చొక్కా ఇచ్చి, "ఏమీ కాలేదు, ఇంటికెళ్ళి పడుకో" అన్నారు. ఇంటికొచ్చాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయి వాంతి చేసుకున్నాడు.

కేంద్రంలో మా బావని అందరూ పట్టకారు అనేవారు. ఆ పేరు రావడానికి కారణం యంత్రమే. నాలుగో గదిలో మనిషి తాకకూడని సరుకేదో ఉంది. దాన్ని ఎత్తడానికీ దించడానికీ ప్రభుత్వం రెండు ఇనప చేతులున్న కొత్త యంత్రం తెప్పించింది. పత్రికల్లో బొమ్మలొచ్చాయి. మంత్రి వచ్చి అద్దంలోంచి చూస్తుంటే, ఆ చేతులు కోడిగుడ్డుని చిట్లకుండా పట్టుకుని పళ్ళెంలో పెట్టాయి. మనిషి చెయ్యి అక్కర్లేని కాలం వచ్చేసిందని మంత్రి ఉపన్యాసమిచ్చాడు. ఆ పూట మా బావని సామాన్ల గదిలో పెట్టి తలుపేశారు. ఎందుకంటే ఆ యంత్రం గుడ్డునైతే పట్టుకుంటుంది గానీ, అసలు సరుకు పట్టుకున్నప్పుడల్లా బిగుసుకుపోతుంది. అప్పుడు మా బావ గోడకున్న ఇనప పట్టకారు తీసుకుని లోపలికెళ్ళి దాని వేళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని లాగాలి. మనిషి చెయ్యి అక్కర్లేని యంత్రానికి మా బావ చెయ్యే దిక్కు.

నాకు సైన్సు మీద కోపం లేదు. జ్వరమొస్తే నేనూ మాత్రే మింగుతాను. తలుపేసుకుని చేసే సైన్సు మీద మాత్రం నాకు నమ్మకం లేదు. దేశం కోసమంటారు. ఆ దేశంలో మేము ఉన్నామో లేమో చెప్పరు.

ఇక బిళ్ళ సంగతి. లోపలికెళ్ళే ప్రతి ఒక్కరికీ చొక్కాకి తగిలించుకునే బిళ్ళ ఇస్తారు. అందులో చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. కంటికి కనపడని వెలుగు తగిలితే అది నల్లబడుతుంది. బాగా నల్లబడితే ఆ మనిషికి ప్రమాదమని అర్థం, పని ఆపించాలి. రూలు మంచిదే. కాకపోతే మేము కంట్రాక్టు కూలీలం. పని ఆపడమంటే పొయ్యి ఆరడం. చేరిన రోజునే కంట్రాక్టరు మాకు పాఠం చెప్పాడు. "బిళ్ళ నల్లబడిందా, నువ్వు ఇంటికి. మళ్ళీ పిలుస్తానో లేదో నాకే తెలీదు. తలుపు వెనక మేకులెందుకున్నాయో మీకే తెలియాలి" అన్నాడు. మాకు తెలిసింది. నాలుగో గదిలోకి వెళ్ళేవాళ్ళు ముందు బిళ్ళ తీసి మేకుకి తగిలించేవారు. మురికి కోట్లు జాడించే ముందు మేమూ అంతే. దీన్ని బిళ్ళకు సెలవివ్వడం అనేవాళ్ళం. "ఏం పట్టకారూ, బిళ్ళకు సెలవిచ్చావా?" "ఆ, అది హాయిగా గోడనానుకుని కునుకు తీస్తోంది." ఇలా ఉండేవి మా హాస్యాలు.

యంత్రం బిగుసుకుని ఆయన్ని లోపలికి పంపిన ఆ రోజు, కడిగిన రోజు కూడా, మా బావ బిళ్ళ మేకు మీదే ఉంది.

పెద్దాసుపత్రిలో చేర్చాం. జుట్టు దిండుకి అంటుకుని ఊడొచ్చింది. నోరంతా పుళ్ళు. డాక్టరమ్మ మంచి మనిషి, మొహమాటం లేకుండా మాట్లాడింది.

"ఇతని ఒంట్లోకి ఏదో వెళ్ళింది. అది లోపలే ఉండి కాలుస్తోంది. దాన్ని బయటికి తెచ్చే మందులున్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో మందు. పేరు తెలియకుండా నేనేం వెయ్యను? వెళ్ళి పేరు కనుక్కుని రండి. ఆలస్యం చెయ్యకండి."

పేరు. అంతే కావలసింది. నష్టపరిహారం కాదు, పెన్షను కాదు, ఒక మాట.

అక్కా నేనూ కేంద్రం పెద్ద సారు గదికి వెళ్ళాం. ఆయన కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. మర్యాదకేం లోటు లేదు.

"చూడమ్మా, అక్కడేముందో చెప్పడం దేశద్రోహం కిందకి వస్తుంది. నా భార్యకి కూడా నేను చెప్పలేదు."

"మీ ఆవిడ మొగుడు బాగానే ఉన్నాడుగా సారూ" అంది అక్క. "చస్తున్నది నా మొగుడు."

ఆయన ముఖం ముడుచుకుంది. సొరుగులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. మా బావదే. "ఇది చూడు. తెల్లగా ఉంది. ఈయనకి మా దగ్గర ఏమీ తగల్లేదు. మనుషులు అబద్ధాలాడతారు, బిళ్ళ ఆడదు."

దొంగకు తేలు కుట్టినట్టయింది మాకు. బిళ్ళ మేకు మీదుందని చెప్తే, రూలు తప్పావని బావ మెడకే చుడతారు. ఆయనతో పాటు మేకులకి బిళ్ళలు తగిలించిన ప్రతివాడూ రోడ్డు మీద పడతాడు. చెప్పకపోతే బావకి ఏ జబ్బూ లేనట్టే. నోరు మూసుకుని లేచి వచ్చేశాం. మెట్ల మీద అక్క కూలబడింది. ఆమె ఏడుస్తుంటే నేనూ పక్కనే కూర్చున్నాను.

చిన్న సారుని గేటు దగ్గర పట్టుకున్నాం. నాలుగో గది లెక్కలన్నీ ఆ కుర్రాయన చేతుల్లోనే ఉంటాయి. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నన్నడక్కండి. నోరు విప్పనని సంతకం పెట్టాను. నాకూ పిల్లలున్నారు" అని గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనది మంచి మనసే. మంచి మనసుని మేమేం చేసుకుంటాం, దిండు కింద పెట్టుకుంటామా?

మధ్యాహ్నం అన్నాలవేళ బట్టలుతికే గదిలో అందరం కలిశాం. బాయిలరు ఆవిరిలో ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా కనపడలేదు. అది మంచిదే అయింది, మాటలు ధైర్యంగా వచ్చాయి.

"అందరం వెళ్ళి ఒప్పుకుందాం" అన్నాను నేను. "మేమంతా బిళ్ళలు తీసేసే పనిచేస్తాం, ఈయనా అంతే, కంట్రాక్టరే నేర్పాడని చెబుదాం."

"చెప్పి?" అన్నాడు బాయిలరువాడు. "రేపట్నించి నువ్వు పెడతావా నా పిల్లలకి తిండి? పోయేవాడు ఎలాగూ పోతున్నాడు."

"నోరు ముయ్యరా!" ఊడ్చే పిన్ని చీపురు కింద పడేసింది. వయసులో మా అందరికీ పెద్ద ఆమె. "వాడు నీ బదులు లోపలికెళ్ళిన రోజులు మర్చిపోయావా? నడుం నొప్పని నువ్వు మూలుగుతుంటే, నేను వెళ్తాలే అని పట్టకారు తీసుకున్నదెవరు?"

బాయిలరువాడు తల దించుకున్నాడు. "నాకు భయం పిన్నీ" అన్నాడు చివరికి.

"నాకు మాత్రం లేదా? భయం లేనివాళ్ళు మేడ మీద కూర్చున్నవాళ్ళే."

కంట్రాక్టరు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఎవడి బిళ్ళ వాడు పెట్టుకోవాల్సింది" అన్నాడు. మేకులు చూపించినవాడే! ఆ మాటకి గదిలో గాలి మారిపోయింది. అప్పటిదాకా ఒకరినొకరం తిట్టుకున్నవాళ్ళం, అందరం అటు తిరిగాం. అతను జారుకున్నాడు. కానీ తీర్మానమంటూ ఏమీ కాలేదు. సైరను మోగింది, ఎవరి పనికి వాళ్ళం పోయాం. అంత చేతకానితనం నేనెప్పుడూ ఎరగను.

ఉపాయం మంచం మీదున్న మనిషే చెప్పాడు. మాట సరిగ్గా రావడం లేదు. నేను వంగి విన్నాను.

"నా బిళ్ళ తెల్లగా ఉందన్నాడా?"

"అన్నాడు బావా."

"అందరి బిళ్ళలూ పట్రా. సెలవులు ఎక్కువైపోయాయి వాటికి. నా పక్కలో పడుకోబెట్టు. నా ఒంట్లో ఉన్నదాని సంగతి అవే చెప్తాయి."

బిళ్ళల్ని ఇంటికి తీసుకెళ్ళకూడదు, గేటు దగ్గర పెట్టెలో వెయ్యాలి. ఆ సాయంత్రం ఎవరూ వెయ్యలేదు. కాపలావాడు అడ్డుకుంటాడని భయపడ్డాం. అతను అటూ ఇటూ చూసి, తన చొక్కాకున్న బిళ్ళే ముందుగా తీసి నా చేతిలో పెట్టాడు. ఆఖర్న బాయిలరువాడు వచ్చి తనదీ పెట్టాడు. ఉతికిన గుడ్డలో మూటగట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళాం. డాక్టరమ్మ చూసింది, అటు తిరిగి కిటికీ తలుపు సర్దుతూ నిలబడింది. అక్క ఆ మూటని బావ పక్కలో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టింది. తెల్లారి ఎవరి బిళ్ళ వాళ్ళం తగిలించుకుని పనిలోకి వెళ్ళాం.

ఆ వారం ఫిల్ములు కడిగితే కేంద్రంలో ఒక్క తెల్ల బిళ్ళ లేదు. కార్లలో వచ్చిన కొత్త మనుషులు మేడ మీద పరుగులు పెట్టారు. ఇప్పుడైనా పేరు చెప్తారని మేము కాచుకుని కూర్చున్నాం. అక్క ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడింది, ఎవరొచ్చినా పేరు తెచ్చారా అని అడుగుతూ.

పేరు రాలేదు. మా బావ పోయాడు. ఆఖరి పూట మాట లేదు, అక్క చెయ్యి పట్టుకున్నాడు, ఆ చెయ్యి కూడా చర్మం ఊడిపోయి ఉంది.

శవాన్ని మాకివ్వలేదు. పోలీసులొచ్చారు, రబ్బరు తొడుగులవాళ్ళొచ్చారు. సీసం పెట్టెలో పెట్టి, దాన్ని లారీలోకి ఎక్కించి తీసుకుపోయారు. ఎక్కడో గొయ్యి తీసి సిమెంటు పోశారట. ఎక్కడో చెప్పలేదు. పెట్టె లారీ ఎక్కించేటప్పుడు అక్కని దగ్గరకి కూడా రానివ్వలేదు, ఆసుపత్రి కంచె ఇవతల నిలబెట్టారు. ఆమె కంచె పట్టుకుని అడిగింది: "ఏమీ కాని మనిషికి ఇంత సీసం ఎందుకయ్యా?"

మర్నాడు గేటు దగ్గర మైకులో పెద్ద సారు గొంతు వినిపించింది. "బిళ్ళల తయారీలో లోపం జరిగింది. నల్లబడినవన్నీ పాడైపోయిన బిళ్ళలు. ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. అందరూ పనిలోకి వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. మేము ముందుగా అనుకున్నదేమీ లేదు. ఊడ్చే పిన్ని చీపురెత్తి గేటు పక్క గోడని చూపించింది. ఆమెకి చదువు రాదు, కానీ రోజూ ఆ అక్షరాల మీద దుమ్ము దులిపేది ఆమే. "అక్కడేం రాసుందో ఎవరైనా చదవండే" అంది. నేను చదివాను, గొంతు చించుకుని చదివాను. పనిచేసే బిళ్ళ లేనిదే ఎవరూ లోపలికి వెళ్ళరాదు.

"బిళ్ళలు పాడైపోయాయని మీరేగా అన్నారు సారూ!" అని అరిచాడు బాయిలరువాడు. భయమన్నవాడు అందరికంటే ముందున్నాడు. "పాడైన బిళ్ళతో లోపలికెళ్తే రూలు తప్పినట్టు కాదా? మంచి బిళ్ళలివ్వండి! నాలుగో గదిలో ఏముందో పేరు చెప్పండి!"

"పేరు చెప్పండి!" అన్నారు వెనకున్నవాళ్ళు. పాడైపోయాయని మాకే తిరిగిచ్చిన నల్ల బిళ్ళల్ని ముందు పరుచుకుని, గేటు ముందు అందరం కూర్చున్నాం. అక్క మధ్యలో కూర్చుంది, ఒళ్ళో బావ పాత చెప్పులు పెట్టుకుని. మాకు దక్కింది అవే.

లాఠీలొచ్చాయి. పిన్ని తల పగిలింది. అక్కనీ నన్నూ బాయిలరువాణ్ణీ వ్యానెక్కించారు. మా మీద పెట్టిన నేరమేమిటో తెలుసా? ప్రభుత్వ రహస్యాన్ని బయటపెట్టామట!

"తప్పు ఒప్పుకుంటావా?" అని జడ్జీగారు అక్కని అడిగారు.

"ఏ రహస్యం బయటపెట్టానో చెప్తే ఒప్పుకుంటానయ్యా. దానికోసమే కదా నేను తిరుగుతోంది."

సర్కారు వకీలు లేచాడు. అది కోర్టులో చెప్పడానికి వీల్లేదన్నాడు. జడ్జీగారు కళ్ళద్దాలు తుడుచుకుని, ముగ్గుర్నీ జైలుకి పంపారు.

నేను బెయిలు మీద బయటికొచ్చి మీ ముందు నిలబడ్డాను. అక్కకీ బాయిలరువాడికీ బెయిలివ్వలేదు. ఆ రోజు మా బావ వేసుకున్న కోటు డబ్బాలోకి పోయింది గానీ, అంతకుముందు వేసుకున్నవన్నీ ఉతికింది నేనే. ఇవిగో నా అరచేతులు. జైలు డాక్టరు వీటిని తిప్పి తిప్పి చూసి, "ఏం తగిలిందమ్మా? పేరేమైనా తెలుసా?" అని అడిగాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకేమవుతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పరు. మీకు ధైర్యం చెప్పాలని వచ్చాను గానీ, నిజం చెప్తున్నాను, నాకు భయంగా ఉంది.

అయినా ఒక సంగతి చెప్పి వెళ్తాను. నిన్న పిన్ని తలకి కట్టుతో మా ఇంటికొచ్చింది. నాలుగో గదిలో యంత్రం మళ్ళీ బిగుసుకుందట. ఇనప చేతులు సరుకుని పట్టుకుని గాల్లో అలాగే ఆగిపోయాయట. పట్టకారు గోడకే ఉంది. గేటు ముందు ఇంకా కూర్చునే ఉన్న మావాళ్ళెవరూ దాన్ని ముట్టుకోవడం లేదని, కంట్రాక్టరు వేరే ఊరి నుంచి లారీలో కొత్త కూలీల్ని దింపాడు. పిన్ని వాళ్ళ కాళ్ళకి అడ్డం పడదామనుకుందట. ఆ అవసరం రాలేదు. లారీ దిగినవాళ్ళు గేటు ముందు పరిచి ఉన్న మా నల్ల బిళ్ళల్ని చూశారు. అక్కని వ్యానెక్కించినప్పుడు అక్కడే ఉండిపోయిన బావ పాత చెప్పుల్నీ చూశారు. వాళ్ళలో ఒకడు కంట్రాక్టరు వైపు తిరిగి అడిగాడు.

"లోపలున్నదాని పేరేంటి?"

ముందు లోపలికి నడవమని కంట్రాక్టరు గేటు వైపు చెయ్యి చూపించాడు.

"పేరు చెప్పండి, అప్పుడు వెళ్తాం" అన్నాడట ఆ మనిషి, మావాళ్ళ పక్కన నేల మీద కూర్చుంటూ.