రెండో చెవి

హెడ్‌ఫోన్ ఎప్పుడూ ఒక చెవికే పెట్టుకుంటుంది ఆమె. ఎడమ చెవి ఉద్యోగానిది, కుడి చెవి ఇంటిది. ఎడమ చెవిలో ఎవరో పెద్దమనిషి "పేజీలో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయమ్మా" అని మొత్తుకుంటుంటే, కుడి చెవి పొయ్యి మీద పాలు కనిపెడుతుంది, గేటు చప్పుడు కనిపెడుతుంది, అత్తగారిది మామూలు దగ్గా, పిలిచే దగ్గా అన్నది తేలుస్తుంది. ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఎవరు చేశారని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఆడదాని ఏర్పాట్లన్నీ అలా వాటంతటవే జరిగిపోతుంటాయి కాబోలు!

సంగీతాన్ని అయిదు గీతల మీద రాసి అచ్చు వేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. కొనుక్కున్నవాళ్ళకి పేజీ కుదరకపోతే ఈమెకి ఫోన్ చేస్తారు. ఆ అయిదు గీతల వరుసలు ఒక్కోసారి గుద్దుకుంటాయి, ఒక్కోసారి ఎడమైపోతాయి, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు పాట నేర్చుకుంది కనక ఈ ఉద్యోగం దొరికింది. భోజనాల బల్లకి ఒక మూల ఆమె ఆఫీసు. తలుపున్న గది భర్తది, ఆయనకి మీటింగులుంటాయి మరి. "మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుందండీ, ఏవో ఫోన్లు ఎత్తుతుంటుంది" అంటాడు వచ్చినవాళ్ళతో. ఆ ఫోన్లెత్తడానికి సంగీతం తెలియాలని ఆయనకి తెలియక కాదు. తెలిసినట్టు కనబడితే కాఫీ తనే పెట్టుకోవాలి.

ఆ రోజు పాలు పొయ్యి మీద పెట్టి, బట్టలు మడతలేస్తూ ఫోనెత్తింది. అవతల ఒక పెద్దాయన, బృందగానం నేర్పే మాస్టారు.

"చూడమ్మాయ్, నా పాటలు పదకొండు పుస్తకంగా వేస్తున్నాం. రేపు ప్రెస్సుకివ్వాలి. ప్రతి పేజీలోనూ పాడేవాళ్ళ వరుసకీ కీబోర్డు వరుసకీ మధ్య లారీ పట్టేంత సందు! ఎంత లాగినా దగ్గరకి రాదు."

"ఎవరు ఎక్కించారండీ ఇవి?"

"మా ఆవిడే. నేను కాగితం మీద గీకి పడేస్తే తను కంప్యూటర్లో కొట్టేది. పోయిన ఏడు పోయింది. మనిషి మంచిదే గానీ, ఇదిగో, ఇలాంటి పనికిమాలిన సందులు వదిలేది."

తన కంప్యూటర్లోంచే ఆయన తెర కనబడేలా కలుపుకుంది. మందులు వేసుకొస్తానని ఆయన లేచి వెళ్ళాడు. మామూలు వైద్యాలన్నీ చేసింది. ఎడం ఎంతుండాలో అంకెల్లో తగ్గించింది, అంచులు సరిచూసింది, పాట మాటలు పైకి జరిపింది. వరుసని పట్టి పైకి లాగితే వస్తుంది, వదలగానే మళ్ళీ దిగిపోతుంది. ఏదో అడ్డం ఉంది. ఏమీ కనబడదు, అడ్డం మాత్రం ఉంది.

విని చూద్దామని పాట మోగించింది. ఎడమ చెవిలో మాస్టారి పాట, పరవాలేదు, నలుగురు పాడుకునే పాట. కానీ నాలుగో ఆవర్తం చివర పాట ఎందుకో ఆగింది. మళ్ళీ ఎనిమిదో దగ్గరా ఆగింది. ఏదో అడిగి, జవాబు కోసం చూస్తున్నట్టుంది ఆ ఆగడం. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కో వరుసని ఒక్కో పక్కనుంచి వినిపిస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళలో మొదటిసారి రెండో చెవికీ హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

కుడి చెవిలో ఇంకో పాట ఉంది.

మాస్టారి పాట ఆగినచోట అది మొదలవుతోంది. ఆయన పాట నడిచేటప్పుడు పక్కనే, కాస్త కిందగా, చెయ్యి పట్టుకోకుండా నడుస్తోంది. దాచినవి చూపించమని నొక్కింది. సందులో మూడో వరుస లేతగా తేలింది. ఎంత పొందికగా రాసిందో ఆ పోయిన మహాతల్లి! రాసి, అచ్చులో రాకుండా దాచేసింది. దాస్తే కనబడదు గానీ, ఈ సాఫ్ట్‌వేర్ దాని చోటు దానికి ఉంచేస్తుంది. మిగతా పాటలు తిప్పి చూసింది. పదకొండింట్లోనూ ఉంది. మొదటిదాన్ని మూడుసార్లు వింది. పాలు పొంగిపోయాయి. భర్త పిలిచాడు. అత్తగారు దగ్గింది. ఏ చెవికీ వినబడలేదు.

మాస్టారు తిరిగొచ్చాక మెల్లగా చెప్పింది.

"మా ఆవిడా? దానికి పాట కట్టడం ఏం వచ్చమ్మా?" అని నవ్వాడాయన. "సరే, వినిపించు."

విన్నాడు.

"ఇది నాకు తెలుసు" అన్నాడు చివరికి. "నేను వాయించుకుంటుంటే వంటింట్లోంచి కూనిరాగం తీసేది. నా పాట కాదు, పక్కనుంచి ఇంకేదో. కాస్త ఆపవే, తాళం తప్పుతోంది అనేవాణ్ణి."

"ఆవిడ ఆపేసేవారా?"

"ఇరవయ్యేళ్ళ కింద ఒకరోజు ఆపేసింది. ఆపేసిందనే అనుకున్నాను."

"ఇదీ కలిపి వెయ్యొచ్చు మాస్టారూ. కనబడేలా పెడితే సందే ఉండదు. ఆవిడ పేరు కూడా..."

"నీకు సంగీతం వచ్చినట్టుందే. నిజం చెప్పు. ఇదుంటే పాట ఎలా ఉంది?"

"ఇదుంటేనే బాగుందండీ."

అనకుండా ఉండాల్సింది. తరవాత ఎన్నిసార్లు తిట్టుకుందో తనని తాను.

"అదేనమ్మా" అన్నాడాయన. గొంతు ముసలిదైపోయింది. "ముప్పయ్యేళ్ళుగా అందరూ నా పాటలు బాగున్నాయన్నారు. ఇప్పుడీ వయసులో ఇది వింటే నాది వెలవెలబోతోంది. తీసెయ్."

"నేను తియ్యలేనండీ. ఫైలు మీది, మీరే తియ్యాలి."

ఆయన తెర మీద బాణం గుర్తు కదిలి వెళ్ళి మూడో వరుసని పట్టుకుంది. ఒక్క నొక్కు. పదకొండు పాటల్లోనూ వరుసలు దగ్గరకొచ్చేశాయి.

"మూసెయ్యకండి మాస్టారూ! మూస్తే ఇక వెనక్కి రాదు. ఒక్కరోజు ఆలోచించుకోండి."

"అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో చూడు" అన్నాడాయన. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. సేవ్ చేసి మూసేశాడు. అయిదు నిమిషాల్లో ఆమె పనికి అయిదు నక్షత్రాలు వచ్చాయి, 'ఓపికగల అమ్మాయి' అన్న మాటతో సహా.

ఏడవడానికైనా తలుపున్న గది కావాలి. ఆ ఇంట్లో స్నానాల గది ఒక్కటే దొరికింది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడ్చింది, తను అన్న ఒక్క మాట కోసం ఏడ్చింది. కుళాయి విప్పుకునే ఏడ్చింది, అలవాటు.

బయటికి రాగానే భర్త ఎదురయ్యాడు. "మూడుసార్లు పిలిచాను. చెవుడొచ్చిందా? మీటింగు మధ్యలో నేనే లేచి పొయ్యి ఆర్పాల్సొచ్చింది." అత్తగారు కుర్చీలోంచి కదలకుండా అందుకుంది. "ఉద్యోగాలు చేసే కోడళ్ళ ఇంట్లో పాలు కూడా నిలవవు నాయనా."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. మాడిన పాలగిన్నె పీచుతో తోముతూ నిలబడింది. మాడు ఒక పట్టాన వదిలేది కాదు. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, గొంతులోంచి కూనిరాగం వస్తోంది. తనకి వచ్చిన పాత పాటల్లోది కాదు. మాస్టారి పాట ఆగినచోట మొదలయ్యే రాగం, కుడి చెవిలోది.

"కాస్త ఆపుతావా?" భర్త గదిలోంచి అరిచాడు. "ఇక్కడ వినబడి చావట్లేదు!"

ఠక్కున ఆగిపోయింది. గొంతుకి ఆ మాత్రం శిక్షణ ఎప్పుడో అయిపోయింది. అప్పుడు భయమేసింది, భర్తంటే కాదు. కట్టినావిడ లేదు. ఫైల్లో లేదు. రేపటి పుస్తకంలో ఉండదు. పదకొండింట్లో పది ఎటూ పోయాయి. మిగిలిన ఒక్కటీ, అదైనా నాలుగైదుసార్లు విన్నంత మేరకి, ఈ గొంతులో ఉంది. మూడో పాదం ఎత్తుగడ అప్పుడే కాస్త చెరుగుతోంది. ఇవాళ ఆపితే పొద్దుటికి అదీ ఉండదు.

"ఆపను" అంది, గదిలోకి వినబడేలా.

అత్తగారు దగ్గింది. అది పిలిచే దగ్గే. ఆమె పీచు కింద పడేసి, చేతులు కడుక్కుని, మొదటినుంచి ఎత్తుకుంది.