పీతల గృహప్రవేశము

వర్షావసానమున నిర్మలమైన యాకాశము కడిగి యారవేసిన నీలపుటద్దమువలెఁ దళతళలాడుచుండెను. శరచ్చంద్రికా ధవళములగు రాత్రులును మందోష్ణములగు పగళ్ళును బరస్పర మత్సరముతోఁ బ్రకాశించుచుండ భీమునిపట్టణపుఁ దీరమున సముద్రము వెండిజరీయంచుగల నీలిపట్టువలె వచ్చి వచ్చి సైకతములపైఁ బఱచుకొని మఱల ముడుచుకొనుచుండఁగా మొగలిపొదల వేళ్ళసందులనుండి శంఖగృహములను వీఁపులపై మోయు సన్న్యాసిపీతలు సంధ్యావేళ నొక్కటొక్కటిగా వెలువడి యెవ్వరి యనుజ్ఞయు వేఁడక తమతమ పనులకుఁ బోవుచుండెను. సరిగా నా ఋతువునందే యా పట్టణమునందలి గొప్పయిండ్ల యిల్లాండ్రు అటకలపైనుండి బొమ్మల పెట్టెలు దింపించి దేవీనవరాత్రుల పేరిట నొండొరులపై దండయాత్రకు సన్నద్ధలగుచుండిరి.

అట్టి యిండ్లలో మొదటిది పన్నాల విశ్వపతిగారి మేడ. విశ్వపతిగారు న్యాయవాదులు; జీవకారుణ్య సమాజమునకు నధ్యక్షులు; బండ్లు లాగు నెద్దుల మెడపుండ్లను గూర్చి సభాసదుల కన్నులు చెమర్చునట్లు గడియలకొలఁది ప్రసంగింపఁగల వాగ్ధురీణులు. కనకకంకణ క్వణన ముఖరితయు స్వగుణకీర్తన శ్రవణైకలోలయు నైన త్రిపురాంబ యాయన ధర్మపత్ని. ఆయన తమ్ముని వితంతువైన పేరిందేవి యా యింటనే యొక మూల నుండును. ఆమె దంచును రుబ్బును వండును. వడ్డించునపుడు తప్ప నెవ్వరి కన్నులను బడదు. పడరాదని యా యింటి కట్టడి.

పేరిందేవి భర్త బ్రదికియున్న దినములలో రేవు కచ్చేరిలో లేఖకుఁడుగా నుండి సాయంకాలములయందుఁ దీరమున విహరించుచు వివాహమైన యేఁటనే నాలుగు సన్న్యాసిపీతలను జేతిరుమాలునఁ గట్టి తెచ్చి భార్య చేతఁ బెట్టెను. ఆ దంపతులిరువురును మొగలిపొదల చెంతఁ గూర్చుండి యా జీవులు దేనిపై నడచును దేనిలో దాఁగును దేనిని ద్రాగును అని చూచి చూచి నేర్చుకొని పెరటివసారాలో వానికొక నివాసము నమర్చిరి. అది వెడల్పు నోరుగల మట్టిగోలెము. అందు సగము లోఁతునకుఁ గడలియిసుక. ఆ యిసుక పిడికిటఁ బట్టి విడిచినచో విడిపోక నిలువవలెను గాని నీరు కాఱరాదు. ఒక కొబ్బరిచిప్పలో సముద్రజలము వేఱొకదానిలో మంచినీరు. ఎక్కి దిగుటకు మొగలివేరు తునుకలు. పైన వెదురుతడికయు దానిపైఁ దడిపి పిండిన గోనెపట్టయు. ఒక ప్రక్క నించుక చిన్నవియు నించుక పెద్దవియు నగు ఖాళీగుల్లలు. ఏలయన నా జీవికిఁ బుట్టుకతో వచ్చిన గుల్ల లేదు. ఒడలు పెరిఁగినకొలఁది పరులు విడిచిన గుల్లలలో నొకదానిని మూతి కొలిచి లోఁతు చూచి బరువు తూఁచి కాని ప్రవేశింపదు. కూఁతునకు సంబంధము చూచువారు సైతమింత జాగరూకత వహింపరు. ఇక దానికి మొప్పలే యూపిరితిత్తులు. మొప్పలు తడిసియున్నంతవఱకే ప్రాణము; చుట్టును గాలి యెండెనేని యది పొడినేలపైననే నీటమునిఁగినవానివలె నుక్కిరిబిక్కిరియై చచ్చును.

భర్త విషజ్వరమునఁ బోయెను. పసుపుకుంకుమలు పోయెను. తలవెండ్రుకలు పోయెను. ఆ నాలుగు పీతలు మాత్రము మిగిలెను. ఆ దాంపత్యమునకు వానికంటె వేఱు సాక్షులు లేరు.

క్రిందటి యేఁటి దసరాకు జిల్లా మునసబుగారి భార్య కామాక్షమ్మ తన బొమ్మలకొలువున మర చుట్టినఁ బరుగెత్తు రేకుబండిని బెట్టెను. అది కూఁతవేయుచు మూఁడు చుట్లు తిరిగి బోల్తాపడెను. అంతమాత్రమునకే యూరి పేరంటాండ్రందఱు నేఁడాది పొడుగునను దానినే చెప్పుకొనఁగాఁ ద్రిపురాంబ యింటి కొండపల్లి దశావతారములు కదలక మెదలక వెలవెలఁబోయెను. ఆ పరాభవము నామె మఱవలేదు. రేకుబండి కదలెనేని తన యింటఁ బ్రాణమున్న బొమ్మలే కదలవలెనని యామె నిశ్చయించి పెరటివసారా వైపు చూచెను.

టేకుచట్రమునకు నలువైపుల నద్దములు బిగించి పాలరాతి నేల పఱపించి నడుమ నొక నిలువుటద్దపు ముక్కను గొలనుగా నమర్చి చుట్టును రంగులముగ్గుపిండి చల్లించి వెండిగిన్నెలోఁ బన్నీరు పోయించి త్రిపురాంబ యొక మేడ కట్టించెను. పీతలు లోపల ముడుచుకొనియుండఁగనే వాని గుల్లలకు నొకదానికి గులాబివన్నెయు నొకదానికి నెమలికంఠపు వన్నెయు నొకదానికిఁ జిలుకపచ్చయు నన్నిటికంటెఁ బెద్దదానికి బంగారుపూఁతయు వేయించెను. పిమ్మటఁ దోడికోడలిని బిలిపించెను.

“పేరిందేవీ, నీ పీతలకి టేకుమేడ కట్టించేను. నీకు కట్టించలేదని ఏడవకు.”

“మేడ వద్దక్కయ్యా. తడి ఇసక వుంటే చాలు వాటికి.”

“తడి ఇసక కంపు కొడుతుంది. పట్టుచీరెలు కట్టుకొచ్చిన పేరంటాళ్ళు ముక్కులు మూసుకు కూర్చోవాలా?”

“పొడిగాలికి మొప్పలు ఎండిపోతాయి. సాంబ్రాణి పొగ అసలే పడదు. ఆ రంగుల ఘాటు ఒకటి.”

“నీకు పీతల వైద్యం కూడా వొచ్చునన్నమాట. మీ ఆయనకి జ్వరం వొచ్చినప్పుడు ఈ వైద్యం ఏ అటక మీద పెట్టేవు?”

కూరలు తఱుగుచున్న చుట్టములు నవ్విరి. గొప్పయిండ్ల నిట్టి మాటకుఁ జమత్కారమని పేరు. పేరిందేవి నవ్వు చల్లారువఱకు నిలుచుండి మెల్లగా నడిగెను.

“పండగ అయ్యేక వాటిని నాకు ఇచ్చేస్తావా అక్కయ్యా?”

“బతికుంటే తీసుకుపో.”

మఱియొక ప్రశ్నకుఁ దావీయకుండఁ ద్రిపురాంబ యా మధ్యాహ్నమే గోలెమును బగులఁగొట్టించి పెంటపైఁ బాఱవేయించెను. పాఁడ్యమినాఁడు పురోహితుఁడు పెట్టిన ముహూర్తమున మామిడాకుల తోరణము గట్టి కుంపటిపైఁ బాలు పొంగించి యద్దాలమేడకు గృహప్రవేశము జరిపించిరి. బొగ్గులసెగకు నద్దములు వేఁడెక్కెను. పీత యొక్కటియుఁ గాలు వెలుపలఁ బెట్టలేదు. “ఇంటివారు సిగ్గుపడుతున్నారమ్మా” అని పురోహితుఁడు దక్షిణ పుచ్చుకొనెను.

కొలువు జయప్రదమయ్యెను. తొలిదినములలో నా జీవులు తడిచోటు వెదకికొనుచు నద్దముల వెంబడి నిలువక తిరుగులాడఁగా నది యానందనృత్యమని పేరంటాండ్రు మురిసిరి. “కీ ఎక్కడ తిప్పుతారమ్మా?” అని యొక యిల్లాలడిగెను. ప్రాతఃకాలమునఁ బసుపునీళ్ళు చల్లి వానిని బవిత్రము చేసిరి. సముద్రమునఁ బుట్టినదానికి గరిటెఁడు నీటితో శుద్ధి. నైవేద్యముగాఁ జలిమిడి పెట్టిరి. సాయంకాలమున సాంబ్రాణి ధూపమును మేడ తలుపు తెఱచి లోపలికే పట్టిరి. ఎండిన మొప్పలకుఁ బొగను మించిన విషము లేదని యెఱిఁగినది యా యింట నొక్కతెయే కలదు. ఆమెకుఁ గొలువుగదిలోఁ గలశస్థాపన జరిగినది కావునఁ బండుగ ముగియువఱకు రేయింబవళ్ళు నా గడప తొక్కరాదని యాజ్ఞ. పెరటివసారాలో రోలు ముందఱఁ గూర్చుండి యామె గోడకావలి మెచ్చుకోళ్ళను మాత్రము వినుచుండెను.

మూలానక్షత్రమునాఁడు విశ్వపతిగారు భోజనమునకుఁ గూర్చుండఁగాఁ బేరిందేవి తలుపుచాటునుండి తాను కాపురమునకు వచ్చినది మొదలుకొని యెన్నఁడును జేయని పని చేసెను. బావగారితో మాటలాడెను.

“బావగారూ, కొలువులో వున్న పీతలు చచ్చిపోతున్నాయి. నన్ను ఒక్కసారి లోపలికి పోనివ్వమనండి. లేకపోతే మీరే ఓ తడిగుడ్డ కప్పండి.”

విశ్వపతిగారు ముద్ద దించిరి. ఆలోచించిరి. న్యాయశాస్త్రపారంగతులు గావున నిరుప్రక్కలను జూచిరి.

“ఆడవాళ్ళ పేరంటంలో నన్ను కలగజేసుకోమంటావా అమ్మా? పండగపూట ఇంట్లో రభస నేను పడలేను. మజ్జిగ వెయ్యి.”

ఆమె మజ్జిగ వడ్డించెను. ఆ సాయంకాలమే యాయన సమాజ మందిరమున మూఁగజీవుల మూఁగవేదనను గూర్చి యుపన్యసించిరి. చప్పట్లు చాలసేపు మ్రోఁగెనని వినికిడి.

దుర్గాష్టమినాఁటి సాయంసమయమునఁ గామాక్షమ్మ సపరివారముగా విచ్చేసెను. త్రిపురాంబ సంవత్సరమంతయు నెదురుచూచిన ముహూర్తమదియే. దీపములు వెలుఁగుచుండఁ బాటలు సాగుచుండ నతిథి మేడముందఱ వంగి చూచునంతలో బంగారుపూఁతగల పెద్దపీత తన గుల్లనుండి మెల్లమెల్లగా జాఱి వెలుపలఁ బడెను. ఆ జీవి గుల్లను విడిచి దిగంబరమై రెండవ గుల్ల లేనిచోట నిలుచుట యనఁగా బ్రదుకుపై నాశ విడుచుటయే. కవచ మెఱుఁగని దాని వెనుకభాగము మెత్తనై వంకరయై పాలరాతిపైఁ గంపించుచుండెను.

“ఇదేమిటి త్రిపురాంబగారూ, మీ బొమ్మ ఊడిపోయినట్టుంది.”

“చీరె మార్చుకుంటోందండీ. మా ఇంట్లో పీతలక్కూడా పూటకో చీరె.”

అందఱును నవ్విరి. త్రిపురాంబ దీపపు వత్తి నెగఁద్రోయు పుల్లతో నా మెత్తని యొడలిని మఱల బంగారుగుల్లలోనికి నెట్టఁజూచెను. అది పోదయ్యెను, మఱియొకమాఱు గట్టిగా నెట్టెను. నవ్వులు మఱింత పెరిఁగెను.

ఆ నవ్వులును ఆ మాటలును గోడ దాఁటి పెరటివసారా చేరెను. పేరిందేవి రోకలి ప్రక్కఁబెట్టి లేచెను. పరుగెత్తలేదు. తడిపి పిండిన ముతకగుడ్డ యొక చేతను బెంటపైఁ బడిన పెంకులనడుమ నేఱి దాఁచుకొనిన రంగులేని పెద్దగుల్ల యొక చేతను బట్టుకొని ముండితశిరస్సుపైఁ గొంగు సవరించుకొని కొలువుగది గడప దాఁటెను. పాట యాగిపోయెను. ముత్తయిదువలు తాంబూలపు పళ్ళెములపైఁ బైటలు కప్పుకొనుచు గోడలకు నొదిగిరి.

“రాకు, రాకు. కలశం వుంది.”

“చూసేనక్కయ్యా. నా నీడ పడితే కలశానికి ప్రాణం పోదు.”

ఆమె మేడతలుపు తెఱచెను. గులాబివన్నెదియుఁ జిలుకపచ్చదియుఁ జచ్చి యెంతకాలమయ్యెనో. సాంబ్రాణిపొగ వాని వాసనను గప్పిపుచ్చుచుండుటచే నెవ్వరికిని దెలియలేదు. వానిని వెలుపలఁ దీసి యందఱు చూచునట్లు పాలరాతిమెట్టుపైఁ బెట్టెను. నెమలివన్నెదానిలో నింకను బ్రాణమున్నది. దానిని దడిగుడ్డలోఁ జుట్టి యొడిలోఁ బెట్టుకొనెను. దిగంబరమైయున్న పెద్దదాని ముందఱ రంగులేని గుల్ల నుంచి తాను నేలపైఁ గూర్చుండెను. దానిని నెట్టలేదు. పుల్ల చేతఁబట్టలేదు. కూర్చుండెను.

తాంబూలము పుచ్చుకొనక లేచిపోవుట దేవికిఁ జేయు నవమానము. వితంతువు నెదుటఁ దాంబూలము పుచ్చుకొనుట యమంగళము. కావున నా పట్టణపు సౌభాగ్యవతులందఱును లేవను లేక కూర్చుండను లేక యూపిరి బిగఁబట్టి యొక పీత యిల్లు చూచుకొనుట చూడవలసినవారైరి. అది యొక కాలు చాఁచి గుల్లమూతిని దడవెను. లోపలికిఁ గొండి పెట్టి లోఁతు చూచెను. వెనుదీసెను. గుల్లను దొర్లించి మఱలఁ దడవెను. ఎవరి కాలి గజ్జెయుఁ గదలలేదు. కట్టకడపట నది యొక్కయుదుటున నొడలు త్రిప్పి వెనుకభాగమును లోపలికిఁ జొనిపి ముడుచుకొని కొండితో ద్వారము మూసికొనెను.

పేరిందేవి దానిని గైకొని లేచెను.

“నా కొలువు మంటగలిపేవు. రేపణ్ణించి ఈ ఇంట్లో నీకు చోటు లేదు.”

“చోటంటే ఏమిటో నీకు తెలుసునా అక్కయ్యా? తెలిస్తే ఇవి చచ్చేవి కావు.”

ఆమె వచ్చినదారినే వెడలిపోయెను.

ఆమెను వెడలఁగొట్టలేదు, అది దయచేతఁ గాదు. తమ్ముని వితంతువును వీధిఁ బెట్టెనన్న యపవాదు వృత్తికి హానియని విశ్వపతిగారు వాదించిరి. దంచువారెవరని త్రిపురాంబకుఁ దోఁచెను. గది కడిగించి పుణ్యాహవాచనము జరిపించి కలశమును మఱల నిలిపిరి. మహర్నవమినాఁడు పేరంటాండ్రు మునుపెన్నఁడు నెఱుఁగనంతమంది వచ్చిరి. వచ్చినవారిలో నొక్కతెయు బొమ్మలవైపు చూడలేదు. అందఱి చూపులును బెరటితలుపుపైనే. కామాక్షమ్మ యా వింత నింటింటను జెప్పుచుండుటచే రేకుబండి మాట యూరిలో నడఁగిపోయెను. త్రిపురాంబ కోరిన కీర్తి యామెకు వచ్చినది. కోరినరీతిని మాత్రము రాలేదు.

పేరిందేవికి స్వంతమని చెప్పఁదగిన వస్తువా యింట నొక్కటే కలదు. అది యామె మడినీళ్ళు నిలువయుంచుకొను మట్టిగాబు. దానిని వంచి యారఁబెట్టి కడలియిసుక తెచ్చి తడిపి నింపి బ్రదికిన రెండుపీతలను నందు విడిచెను. నాఁటినుండి యామె చెంబెఁడు నీటికైనను నూతికడకుఁ బోవలసినదే. నెమలివన్నెది మఱునాఁటికే రంగుగుల్ల వీడి మామూలు గుల్లలో దూఱెను. పెద్దది మూలనొక చోట నిసుకఁ ద్రవ్వికొని ప్రాఁతచర్మము విడుచుటకై యడుగునకుఁ బోయెను. దానివెంట రెండవదియుఁ బోయెను. మీఁద నేమియు మిగులలేదు.

విజయదశమినాఁడు కామాక్షమ్మయు మఱి నలుగురును జమ్మిపూజ నెపమునఁ బెరటిదారిని వచ్చి గాబు చుట్టును మూఁగిరి.

“ఏవమ్మా, కనపడవేం?”

“లోపల వున్నాయండి.”

“ఓసారి తవ్వి చూపించరాదూ? ఇంత దూరం వొచ్చేము.”

“తవ్వితే చచ్చిపోతాయి.”

“మరి పైకి ఎప్పుడొస్తాయి?”

“వాటికి రావాలనిపించినప్పుడు.”

కనఁబడవలదని శాసించి మూలకు నెట్టుట వేఱు. కనఁబడ నక్కఱలేని చోటొసఁగి కాచుకొనియుండుట వేఱు. మొదటిదానిని జేయుటకు మేడలును ముహూర్తములును గావలెను. రెండవదానికిఁ దడియిసుకయు నోర్పును జాలును. ఈ భేద మెఱుఁగనివారు కట్టించు నిండ్లెంత యున్నతములైనను బోనులే. ఆ యిల్లాండ్రు పట్టుకుచ్చెళ్ళు చేతఁబట్టుకొని చీఁకటిపడువఱకు నిలిచి చూచిరి. నల్లగాఁ దడిసి చదునై యున్న యిసుకపై నొక యడుగుజాడయైనను లేదు.