చప్పుడు లేని టైర్లు

ఇంజను స్టార్టయిందో లేదో తెలుసుకోవడానికి ఆత్మారాం బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

అయింది. రేకు కింద పిల్లి గురక పెట్టినట్టు సన్నని అదురు. వెంటనే రెండో చేతిలోని గుడ్డతో అక్కడే తుడిచాడు. ఎవరైనా చూస్తుంటే తుడవడానికే చెయ్యి పెట్టాడనుకోవాలి. ఎవరూ చూడడం లేదు. అయినా తుడిచాడు. కొన్నేళ్లుగా అతని ఉద్యోగంలో సగం కారు నడపడం, సగం ఈ దాపరికం.

ఆత్మారాంకు చెవులు వినపడవు.

యాభై దాటిన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎవరు మాట్లాడినా వాళ్ల పెదాల వంకే చూస్తాడు. చూసేవాళ్లు దాన్ని వినయమనుకుంటారు. మీసాలు రాకముందే బోధన్ చెరకు లారీల మీద క్లీనర్‌గా ఎక్కాడు. తర్వాత డ్రైవరయ్యాడు. లారీలో డ్రైవర్ ఎడమ మోచేతి పక్కనే ఇంజను. చెరకు సీజనంతా తిండీ నిద్రా దాని పక్కనే. ముందు ఎడమ చెవి పోయింది. తర్వాత మెల్లగా కుడిది కూడా దాని బాట పట్టింది. ఇప్పుడు చుట్టూ రొద లేకుండా ఉంటే, మనిషి పక్కనే ఉంటే, కుడి చెవిలో ఎప్పుడో ఒక మాట పడుతుంది. రొద లేని చోట అతను ఎన్నడూ లేడు.

ఈ సంగతి భార్య చంద్రవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున బీడీలు చుడుతూ ఆమె ఒక ఆకు ముక్క అతని మీదికి విసిరింది. తన వైపు చూడమని దాని అర్థం.

"చెప్పెయ్యరాదు సేట్‌కు?"

"చెప్తే తాళం గుంజుకుంటడు. గీ వయసుల నేనేం జెయ్యాలె?"

"ఎవన్నన్న గుద్ది సంపినంక చెప్తవా మరి?"

"నేను చేతులతోని ఇంట. కాళ్లతోని ఇంట."

"ఆఁ, నేను మాట్లాడితే మటుకు దేనితోని ఇనవు," అని చంద్రవ్వ ముఖం తిప్పుకుంది.

అతను చెప్పింది అబద్ధం కాదు. కారెక్కే ముందు చెప్పులు విప్పుతాడు. బండంటే లక్ష్మి అని విప్పుతాడనుకుంటారు. నిజానికి రోడ్డు అతని పాదాల్లోంచే పలుకుతుంది. ఈ ఎర్ర కారు నేలకు అంటుకుని పరుగెత్తే రకం. వెడల్పు టైర్లు, రాయిలాంటి రబ్బరు. కింద గులకరాయి పడ్డా స్టీరింగ్ చెబుతుంది. పక్కన లారీ వస్తే సీటు చెబుతుంది.

అయినా పోయిన వారం ఖలీల్‌వాడి మలుపులో అంబులెన్స్ వెనకే వచ్చి మొత్తుకుంటుంటే అతనికి తెలియలేదు. పక్క సీట్లోని సేట్ మోచెయ్యి తట్టాడు. అప్పుడు అద్దంలో చూశాడు. అద్దం నిండా తెల్ల బండి, ఎర్ర దీపం. దారి ఇచ్చాక ఒళ్లంతా చెమట. సేట్ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆత్మారాంను వారం రోజులుగా నిద్రపోనివ్వడం లేదు.

లోపలి నుంచి సేట్ భార్య లతమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆత్మారాం, సార్ పిలుస్తున్నరు."

చెవుల సంగతి ఇవాళే అడుగుతాడు అనుకున్నాడు.

పరమేశ్వర్ సేట్ కిటికీ పక్కన మంచం మీద ఒత్తిగిలి ఉన్నాడు. నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారి. ఒకప్పుడు ఈ ఎర్ర కారును తనే నడుపుతూ మార్కెట్ యార్డులోకి వస్తే హమాలీలు బస్తాలు దించి చూసేవారు. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నాడా అనిపిస్తాడు. క్యాన్సర్ గడ్డ వెన్నులోకి పాకింది. హైదరాబాద్ డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"టైర్లు అరిగినయి గదా," అన్నాడు సేట్. "ఇయ్యాల కొత్తయి ఎయ్యించు. మెత్తగుండాలె. చప్పుడు అస్సలే ఉండొద్దు. గా పాతవాటితోని రోడ్డు మీది రాళ్లన్నీ నా ఎముకల్ల గుచ్చుకుంటున్నయి."

"సరే సేట్."

"పొద్దుమూకక ముందే రుద్రూర్ పోయి చెరకు సూసొద్దాం."

"డాక్టర్ కదలొద్దన్నడు," అంది లతమ్మ.

"డాక్టర్‌కు చెరకు లేదు." సేట్ మళ్లీ ఆత్మారాం వైపు తిరిగాడు. "దుకాణపోడు ఏది పడితే అది అంటగడ్తడు. నువ్వే ఎక్కి, ఇని ఏరు. నీ చెవుల మీద నాకు నమ్మకం."

అని నవ్వాడు. ఆ నవ్వేమిటో ఆత్మారాంకు అర్థం కాలేదు.

అర్సపల్లి రోడ్డులో శ్రీధర్ టైర్ల దుకాణం. శ్రీధర్ బుగ్గలో ఎప్పుడూ పాన్ ఉంటుంది. పెదాలు కదలకుండా పలుకుతాడు. ఆత్మారాం ఊళ్లో భయపడే ముఖాల్లో అది మొదటిది.

కారును చూడగానే శ్రీధర్ పాన్ ఊసి వచ్చాడు. అదృష్టం. "ఉరుకుడుకే పుట్టిన బండి కాకా ఇది. దీనికి మెత్తటి టైర్లంటే పైల్వాన్‌కు పట్టుచీర కట్టినట్టు."

"సేట్ గట్లనే కావాలన్నడు."

"కడ్దాం మరి." పాత టైరు పక్కను బొటనవేలితో నొక్కాడు. "గీ గోడ ఇంత పొట్టిగుంటే దెబ్బంత నడుముకే. చక్రం ఒక సైజు తగ్గించి, గోడ ఎత్తుగున్న టైరు ఏద్దాం. గాలి ఎక్కువ పడ్తది, దెబ్బ అదే మింగుతది. మీది గీతలు సన్నగ, దగ్గర దగ్గరగుంటే చప్పుడు రాదు. రెండు రకాలున్నయి. ఒకటి నడిమి రకం. ఇంకోటి దూదే."

రెండు రకాలూ వేసిన బండ్లు దుకాణం ముందే ఉన్నాయి. ఒకటి శ్రీధర్‌ది, ఒకటి అతని తమ్ముడిది. ముందు నడిమి రకం ఎక్కారు. ఆత్మారాం చెప్పులోంచి కాలు తీసి నేలకు ఆనించాడు. సన్నగా అదురు. పాత టైర్లంత కాదు. కానీ ఉంది. దీంతో బతకవచ్చు.

రెండో బండి ఎక్కారు. పాదం ఆనించాడు. ఏమీ లేదు. తలుపు మీద చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. అద్దం బయట ఇళ్లు, మేకలు, ఆటోలు జారిపోతున్నాయి. కారు కదులుతోందని కళ్లు చెబుతున్నాయి, ఒళ్లు ఒప్పుకోవడం లేదు. లోతు తెలియని బావిలో దిగుతున్నట్టుంది.

శ్రీధర్ రోడ్డు మీద చూపు పెట్టే ఏదో అడిగాడు. నోట్లో అప్పుడే ఇంకో పాన్. ఉబ్బిన బుగ్గ తప్ప ఏమీ కనపడలేదు.

"మంచిగుంది. అస్సలు చప్పుడు లేదు," అన్నాడు ఆత్మారాం.

శ్రీధర్ బండి ఆపాడు. ముఖం ఇటు తిప్పాడు. "కాకా, నేను సేట్ పానం ఎట్లున్నదని అడిగిన."

"టైర్ల మీద ధ్యానమున్నది."

"ఇనపడుతుందా నీకు, లేదా?"

ఆత్మారాం నవ్వడానికి ప్రయత్నించాడు. పెదవి ఒకవైపే కదిలింది. శ్రీధర్ భుజం ఎగరేసి, బండి వెనక్కి తిప్పాడు. ఈ మాట సాయంత్రానికల్లా గంజ్‌కు చేరుతుందా? అక్కడి నుంచి సేట్ మంచానికి?

దుకాణంలో టైర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నడిమి రకం మీద చెయ్యి వేశాడు. "ఇవి" అంటే చాలు. ఇవే అన్నిటికన్నా మెత్తనివని సేట్‌తో చెబితే ఎవరు కాదంటారు? స్టీరింగ్ మాట్లాడుతుంది. ఉద్యోగం ఉంటుంది. రోడ్డు మీద ఎవరూ చావరు.

కానీ పక్క సీట్లో చూసిన ఒక ముఖం అడ్డం వచ్చింది. మొన్న ఆసుపత్రి నుంచి వస్తూ గతుకుల దగ్గర సేట్ భుజం మీది తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. అరుపు బయటికి రాకుండా. ఆ అరుపు తనకు ఎటూ వినపడదు. ఆ పళ్లు బిగియడం చూశాడు.

చెయ్యి తీసి పక్క టైరు మీద పెట్టాడు. "దూది రకమే ఎయ్యి."

శ్రీధర్ జాక్ తెచ్చే దాకా చెయ్యి అక్కడే ఉంచాడు.

మధ్యాహ్నం దాటాక బయలుదేరారు. లతమ్మ సేట్ నడుము కింద మెత్త పెట్టి, సీటు బాగా వెనక్కి వాల్చింది. తనూ వస్తానంది. వెనక సీట్లో మనిషి కాళ్లు పట్టవు. "నువ్వొస్తే తొవ్వ పొడుగునా ఏడుస్తవు," అన్నాడు సేట్. ఆమె అద్దం దగ్గరికి వచ్చి ఆత్మారాం ముఖంలోకి చూస్తూ, "పైలం, మెల్లగ పోనియ్యి," అంది.

సేట్ ముఖం ఇప్పుడు అతని భుజం వెనక్కి పోయింది. తల పూర్తిగా తిప్పితే తప్ప పెదాలు కనపడవు. తిప్పితే రోడ్డు కనపడదు.

జానకంపేట దాటేసరికి చొక్కా వీపుకు అంటుకుంది. స్టీరింగ్ చచ్చిన చేపలా చేతుల్లో ఉంది. మీటరు ముల్లు చూసి వేగం తెలుసుకుంటున్నాడు. అద్దాలు చూసి లోకం తెలుసుకుంటున్నాడు. ఎడమ అద్దం, నడిమి అద్దం, కుడి అద్దం, రోడ్డు. మళ్లీ ఎడమ అద్దం.

కోతల కాలం. ఎడపల్లి దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. ఎడమ అద్దంలోంచి చూపు తిప్పేసరికి ముందు చక్రం వడ్ల మీద ఉంది. పాత టైర్లయితే పాదం కింద చిటపటలాడేవి. ఇప్పుడు ఏమీ తెలియలేదు. ఎదురుగా వడ్లు తిరగేస్తున్న ఒక ముసలామె. నోరు తెరిచి ఉంది. అరుస్తోంది.

బ్రేకు మీద నిలబడ్డాడు. బండి వడ్ల మీద జారి, ఆమె చీర కుచ్చెళ్లు బంపర్‌కు తగిలేంత దగ్గర ఆగింది.

ఆమె పెదాలు చదివాడు. "కండ్లు పోయినయా రా నీకు!"

చేతులెత్తి దండం పెట్టాడు. అయిపోయింది, ఇక సేట్ అడుగుతాడు. తల తిప్పాడు. సేట్ ముఖంలో నొప్పి లేదు. వేలితో ముందుకు చూపించాడు. పోనియ్యి.

బోధన్ దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల గంప చూసి సేట్ మోచెయ్యి తట్టాడు. ఆపాడు. పండిన కాయ ఒకటి కొని అరచేతిలో పెట్టాడు. సేట్ దాన్ని రెండుగా విప్పి, పిల్లాడిలా ఒక్కో గింజా చప్పరించసాగాడు. కారు మళ్లీ కదిలింది. రెండు వైపులా చెరకు మొదలైంది.

అప్పుడు జరిగింది.

ఏదో వినపడింది.

ముందు అది తన తల లోపలి రొద అనుకున్నాడు. కాదు. అది లేచి పడుతోంది, ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. సేట్ గొంతు. కింద టైర్లు నోరు మూసుకోవడంతో ఇన్నాళ్లూ వాటి రొద కింద పూడిపోయిన మనిషి గొంతు పైకి తేలింది. సేట్ మాట్లాడుతున్నాడు. ఎప్పటి నుంచి మాట్లాడుతున్నాడో! ప్రతి ప్రయాణంలోనూ ఇలాగే మాట్లాడేవాడా? తను ఊరికే తల ఊపుతూ కూర్చున్నాడా?

ఏం అడుగుతున్నాడు? ఏం జవాబు చెప్పాలి? వేగం తగ్గించి, తల కొంచెం కుడికి తిప్పి, కుడి చెవిని వెనక్కి పెట్టాడు.

మాటలు మసకగా వచ్చాయి, పోయాయి. ఒక్కటి మాత్రం నిలిచింది.

"...భయమైతుందిరా, ఆత్మారాం."

ఆత్మారాం నోటి నుంచి రావలసిన మాట అది. ఏళ్లుగా తన కడుపులో ఉన్న మాట. గంజ్‌లో వందమందిని అదిలించిన మనిషి దాన్ని పలుకుతున్నాడు.

ఎడమ చెయ్యి స్టీరింగ్ మీది నుంచి తీశాడు. రోడ్డును వినడానికి మిగిలిన రెండు చేతుల్లో ఒకటి. దాన్ని సేట్ చేతి మీద వేశాడు. సీతాఫలం జిగటగా ఉన్న వేళ్లు అతని వేళ్లను పట్టుకున్నాయి. గట్టిగా. అంత బలం ఇంకా ఉందా అనిపించేంత గట్టిగా.

అలాగే నడిపాడు. ఒక చేత్తో, మెల్లగా, చెరకుల మధ్య. గొంతు ఆగింది. పట్టు ఉంది. రుద్రూర్ ముందు సేట్ పొలం వైపు మట్టి బాటలోకి తిప్పాడు. కారు గుంటల్లో దిగి, ఏమీ జరగనట్టు పైకి లేచింది. చెరకు వెన్నులు సాయంత్రపు ఎండలో ఊగుతున్నాయి.

ఆ ఎండలోకి వచ్చాకే వేళ్లు వదులయ్యాయి.

ఆత్మారాంకు తెలిసిపోయింది. ఒంటితో వినేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా గట్టు దాకా నడిపించి, చెరకు వైపు ముఖం ఉండేలా కారు ఆపి, అప్పుడు తల తిప్పాడు. సేట్ కళ్లు చెరకు మీదే ఉన్నాయి. చూశాడో లేదో.

ఫోను తీశాడు. లతమ్మ నంబరు నొక్కి చెంపకు ఆనించాడు. ఎత్తిందో లేదో తెలియదు. గాలికే చెప్పాడు. "లతమ్మా... సేట్ పోయిండమ్మా. రుద్రూర్ చెరకు కాడ. ఇనపడుతుందా అమ్మా? సేట్ పోయిండు." ఎన్నిసార్లు చెప్పాడో. బ్యాటరీ అయిపోయి తెర నల్లబడే దాకా చెబుతూనే ఉన్నాడు.

పొద్దు గుంకుతుండగా లతమ్మ, ఆమె తమ్ముడు సురేందర్ జీపులో వచ్చారు. ఆమె భర్త ముఖం నిమిరింది. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి వచ్చి ఆత్మారాంకు సరిగ్గా ఎదురుగా, వెలుగు తన ముఖం మీద పడేలా నిలబడింది. పెదాలు నిదానంగా కదిలించింది.

"తొవ్వల ఏమన్న చెప్పిండా?"

ఆమె కళ్లు ఆ జవాబు కోసం ఆకలిగా ఉన్నాయి. చెబితే ఆ ఒక్క మాట ఆమె ఇంట్లో ఎన్నేళ్లు తిరుగుతుంది?

"నాకు ఇనపడదమ్మా," అన్నాడు. "చెవులు పోయి ఏండ్లయింది. ఎవ్వలకు చెప్పలే."

ఆమె ఉలిక్కిపడలేదు. తిట్టలేదు. తల మాత్రం మెల్లగా ఊపింది.

"మాకెరుకే. గాయనకు గూడ ఎరుకే. మాతోని చెప్తే ఏడుస్తమని అన్నీ నీ దగ్గర్నే చెప్పుకునేటోడు. నిన్ను తీసెయ్యమని మా తమ్ముడంటే కొట్టబోయిండు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయినా అడగాలనిపించింది."

ఆత్మారాం తల దించుకున్నాడు. ఇక ఆమె పెదాలు చూడలేదు.

సేట్‌ను జీపులోకి ఎత్తారు. లతమ్మ రమ్మని చెయ్యి ఊపితే ఆత్మారాం కూడా ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని అందులోనే కూర్చున్నాడు. కారు తలుపు వెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. వెనక్కి వాల్చిన సీటు మీద సగం తిన్న సీతాఫలం వెల్లకిలా పడి ఉంది. పక్కనే చప్పరించిన గింజలు కొన్ని, ఇంకా తడిగా, నల్లగా మెరుస్తూ.