మాట్లాడుతూ నడవాలి

తడిగుడ్డతో ఆయన ఒళ్లు తుడిచి, పొట్టలోంచి బయటికొచ్చిన తీగ దగ్గర కట్టు మార్చి, బ్యాటరీల సంచీ భుజానికి తగిలించాను. గుండె చేయలేని పని ఇప్పుడు లోపల అమర్చిన పంపు చేస్తోంది. “మెల్లగా. మోటు చేతులు నీవి” అన్నారు. ఆ మోటు చేతులకే బట్టలు కుట్టే చోట మంచి పేరుంది. ఆయన ఆపరేషన్ కోసం సెలవు పెట్టాను. సెలవెందుకు, మానెయ్, మొగుడి ప్రాణం కంటే కుట్టుమిషను ఎక్కువా అంది అత్తయ్య. ఆయన ఊఁ కొట్టారు. ఇంట్లో ఆయన నోట నేను వినే జవాబు ఆ ఊఁ ఒక్కటే, అదీ ఎప్పుడూ వేరేవాళ్ల మాటకే.

ఆసుపత్రి వ్యాయామాల గదిలో ఫిజియో అమ్మాయి ఆయన్ని నడక మిషను ఎక్కించింది. ఈ పంపు ఉన్నవాళ్లకి నాడి సరిగా దొరకదట, మాటే కొలతట. నడుస్తూ వాక్యం పూర్తిగా చెప్పగలగాలి, మధ్యలో తెగితే వేగం ఎక్కువైనట్టు. “మీరు ఏదో ఒకటి అడుగుతూ ఉండండి మేడమ్” అంది.

ఏదో ఒకటి! ఎన్నేళ్ల సరుకుందో నా దగ్గర ఆ పిల్లకేం తెలుసు?

“నాకు గర్భసంచి తీసేసిన వారానికి మీ అక్కయ్య ముందు నన్నేమన్నారో గుర్తుందా?”

ఆయన మొహం తిప్పుకున్నారు. నడక మిషను మీదున్న మనిషి ఎటు తిరిగినా ఎక్కడికి పోతాడు? ఆయాసంగా ఉందన్నారు. అమ్మాయి వెంటనే వేగం తగ్గించి, ఇప్పుడు చెప్పండి సార్ అంది.

“‘నాటకాలాడుతోంది, లేచి నాలుగు గిన్నెలు తోమితే నొప్పి అదే పోతుంది’ అన్నాను” అని బడిపిల్లాడిలా అప్పజెప్పారు.

అమ్మాయి నా వైపు చూసి, తల దించుకుంది. మాట ఎక్కడా తెగలేదంది నెమ్మదిగా. నాకు జాలి కలగాలేమో. కలగలేదు. ఎండలో పడి వచ్చి చల్లటి నీళ్లు తాగినట్టుంది.

“బ్యాటరీ మార్చడం, కట్టు కట్టడం మీ తమ్ముడికి నేర్పించాను. ఇక్కడికి కూడా తనే తీసుకొస్తాడు. సోమవారం నుంచి నేను పనిలోకి వెళ్తున్నాను.”

ఆయన నోరు తెరిచారు.

“ఆయాసపడకండి” అన్నాను. “దీనికి మీ జవాబు అక్కర్లేదు.”